సీసా మీద తేదీ

మా అమ్మమ్మ ఫొటో ఒకటి మా బంధువుల ఇళ్ళలో పన్నెండు చోట్ల ఉంది. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసు, కుర్చీ చేతి మీద ఆనించిన కుడిచెయ్యి. ఆ పన్నెండు ప్రింట్లూ 1986 డిసెంబరులో, తెనాలిలో మా మావయ్య స్టూడియోలో నేను వేసినవే. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. అమ్మమ్మ పోయి వారం దాటింది. మావయ్య కర్మ పనుల్లో ఉన్నాడు. పెద్దకర్మ నాటికి ఇంటింటికీ ఒక ఫొటో ఇవ్వాలని అమ్మ అంటే, రాత్రి భోజనాలయ్యాక స్టూడియో తాళాలు తీసుకుని నేనొక్కణ్ణే వెళ్ళి డార్క్‌రూమ్‌లో కూర్చున్నాను. ఒకే నెగటివ్. ఊటీలో తయారైన ఇందు పేపరు, ఒకే పెట్టెలోది. ఎన్‌లార్జర్ కింద ప్రతి షీటుకూ అవే సెకన్లు. తెల్లవారుజామున పన్నెండు ప్రింట్లూ తాడుకు క్లిప్పులతో వేలాడుతుంటే ఒకదానికీ ఇంకొకదానికీ తేడా కనబడలేదు.

ఇప్పుడు కనబడుతుంది. తొమ్మిది ప్రింట్లు ఇవాళ్టికీ నిక్షేపంలా ఉన్నాయి. మిగతా మూడింట్లో తెల్లచీర పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టయింది. జుట్టు నలుపు పోయి కాఫీ రంగుకు దిగింది. ఒకదాంట్లో చెంప మీద గోధుమరంగు మరక లేచి కంటిదాకా పాకింది. ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో వరస నంబరు వెయ్యడం మావయ్య నేర్పిన అలవాటు. తిప్పి చూస్తే ఆ మూడూ 10, 11, 12.

ఆ రాత్రి ట్రేలో ఉన్న హైపో, అంటే బొమ్మను వెలుగుకు చెడకుండా నిలిపే మందు, మావయ్య అంతకుముందెప్పుడో కలిపింది. ముహూర్తాల రోజులు కావడంతో అప్పటికే దాంట్లోంచి చాలా పెళ్ళి ప్రింట్లు వెళ్ళాయి. ట్రే పైన గోడ మీద మావయ్య సుద్దముక్కతో గీసిన గీతలు ఉండేవి. ఎన్ని ప్రింట్లు ముంచితే అన్ని గీతలు, నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా. ఎర్ర బల్బు వెలుతురులో ఆ గీతలు నాకు కనిపించాయి. నేను లెక్కపెట్టలేదు.

డార్క్‌రూమ్‌లో మందులు పాడవడం రెండు విధాలు. బొమ్మను పైకి తెచ్చే డెవలపర్ పాడైతే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫిల్ము పాలిపోయి వస్తుంది, ప్రింటు బూడిదరంగులో ఆగిపోతుంది. గుండె గుభేలుమంటుంది కాని, కనీసం ఆ పూటే తెలుస్తుంది. హైపో పాడైతే ఆ పూట ఏమీ తెలియదు. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో తెలుస్తుంది. అప్పటికి ఫొటోలో ఉన్న మనిషి ఉండకపోవచ్చు. అందుకే ఈ మందుల సీసాల ఆయుర్దాయం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను.

ఇప్పుడెవరికి కావాలి ఈ గొడవ అని మీలో కొందరికి అనిపించవచ్చు. కావలసినవాళ్ళు ఉన్నారు. తాతగారి కెమెరా దుమ్ము దులిపి ఫిల్ము రీలు ఎక్కిస్తున్న పిల్లలు మన ఊళ్ళలో కనిపిస్తున్నారు. బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని సొంతంగా ఫిల్ము కడుక్కుంటున్నారు. ఇంకో పక్క, మూతబడిన స్టూడియోల బీరువాలు తెరిచి, లోపలున్న సీసాలను ఏం చెయ్యాలో తెలియక నిలబడుతున్నవాళ్ళు ఉన్నారు. ఇద్దరూ నన్ను అడిగే మాట ఒకటే: ఈ మందు ఇంకా పనిచేస్తుందా?

ముందు డెవలపర్ సంగతి. వంకాయ తరిగితే ముక్కల్ని వెంటనే నీళ్ళలో వేస్తాం. గాలి తగిలితే నల్లబడతాయి కాబట్టి. వంకాయలో ఉండే ఫీనాల్ జాతి పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్లుగా మారడమే ఆ నలుపుకు మొదలు. చాలా డెవలపర్లలో పనిచేసే ముఖ్యమైన మందు హైడ్రోక్వినోన్. అదీ ఆ జాతిదే, దాని గతీ అదే. ఫిల్ము మీద వెలుగు సోకిన చోట వెండి లవణాన్ని నల్లటి వెండిగా మార్చే శక్తి దానికి ఎక్కడినుంచి వచ్చిందో, గాలికి లొంగిపోయే బలహీనతా అక్కడినుంచే వచ్చింది. ఎలక్ట్రాన్లు తేలిగ్గా ఇచ్చేస్తుంది. ఫిల్ముకిస్తే బొమ్మ వస్తుంది. గాలికిస్తే టీ డికాక్షన్ రంగు వస్తుంది.

ఈ సంగతి పాతవాళ్ళకు తెలుసు కాబట్టే డెవలపర్‌లో సోడియం సల్ఫైట్ వేశారు. కొడక్ వారి డి-76 అనే డెవలపర్ 1927 నాటిది, ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నారు. లీటరు డి-76లో మెటాల్ అనే ఇంకో డెవలపింగ్ మందు 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉంటే సల్ఫైట్ ఒక్కటే 100 గ్రాములు. అంత ఎక్కువ వెయ్యడంలో ఫిల్ము రేణువు మెత్తగా రావడమనే ఉద్దేశం కూడా ఉంది. కాని ఏ డెవలపర్‌లోనైనా సల్ఫైట్ మొదటి ఉద్యోగం కాపలా. గాలి వస్తే తాను ఎదురెళ్ళి సల్ఫేట్‌గా మారిపోతుంది, అసలు మందును కాపాడుతుంది. పళ్ళరసాలు నిలవ ఉండడానికి కలిపేవి కూడా ఈ సల్ఫైట్ జాతి లవణాలే.

ఆ కాపలాకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూద్దాం. లీటరు సీసాలో సగం డెవలపర్, సగం ఖాళీ అనుకోండి. ఖాళీ అంటే అర లీటరు గాలి. అందులో ఆక్సిజన్ ఐదోవంతు, అంటే 100 మిల్లీలీటర్లు. అది దాదాపు ఒక గ్రాము సల్ఫైట్‌ను తినేస్తుంది. ఒక గ్రామే కదా అనిపిస్తుంది, ఒక్కసారికైతే నిజమే. కాని మూత తీసిన ప్రతిసారీ లోపలికి కొత్త గాలి వస్తుంది. మూత బిగుతుగా లేకపోతే రాత్రింబవళ్ళు వస్తుంది. ప్రింట్లకు వాడే డెవలపర్‌లో సల్ఫైట్ డి-76లో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు, పైగా వాషింగ్ సోడా క్షారం వల్ల హైడ్రోక్వినోన్ మరింత తొందరగా గాలికి లొంగుతుంది. దాన్ని వెడల్పాటి ట్రేలో పోసి పెడితే ఇక చెప్పక్కర్లేదు.

కొడక్ వాళ్ళు డి-76కు ఇచ్చిన గడువు గుర్తుపెట్టుకోండి. మెడదాకా నింపి గట్టిగా మూత బిగించిన సీసాలో 6 నెలలు. అదే సీసా సగం ఖాళీ అయితే 2 నెలలు. ప్రింట్ల డెవలపర్ డెక్టాల్‌కూ ఇవే గడువులు. ట్రేలో పోశాక మాత్రం ఒక్క రోజు. మందు అదే, నీళ్ళవే, సీసా అదే. ఆరు నెలలు కాస్తా రెండు నెలలు కావడానికి కారణం సీసాలో మిగిలిన ఖాళీ జాగా ఒక్కటే.

అందుకని ఈ ఉపన్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: పెద్ద సీసా వద్దు, చిన్న సీసాలు పెట్టుకోండి. లీటరు డెవలపర్ కలిపితే 250 మిల్లీలీటర్ల సీసాలు నాలుగింట్లో అంచుదాకా పొయ్యండి. ఒకటి తెరిస్తే అది పూర్తిగా వాడేసి గాని రెండోదాని మూత తియ్యకండి. ఆవకాయ పెట్టిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పెద్ద జాడీ అటక మీద వాసెన కట్టి ఉంటుంది, వాడకానికి చిన్న జాడీలోకి తీసుకుంటాం, ముక్క మీద నూనె తేలేట్టు చూస్తాం, తడి గరిటె ముంచనివ్వం. డార్క్‌రూమ్‌లోనూ తడి గరిటె నియమం ఉంది. హైపో ముట్టిన చెయ్యి, హైపో కొలిచిన గ్లాసు డెవలపర్ దగ్గరికి రాకూడదు. హైపో కలిస్తే డెవలపర్ చెడిపోవచ్చు. దేని కొలత గ్లాసు దానికి ఉండాలి.

చిన్న సీసాలు దొరకనప్పుడు మావయ్య గోళీలు వేసేవాడు. పిల్లలాడుకునే గాజు గోళీలు శుభ్రంగా కడిగి, ద్రవం మెడదాకా లేచే వరకూ సీసాలో ఒక్కొక్కటే జారవిడిచేవాడు. చీకట్లో ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. చౌకైన ఉపాయం, చక్కగా పనిచేసే ఉపాయం. సీసా కూడా గాజుదైతే మంచిది, ముదురు గోధుమరంగుదైతే ఇంకా మంచిది. మెత్తటి ప్లాస్టిక్ సీసాలు, నొక్కితే లోపలికి వెళ్ళేవి, మూత ఎంత బిగించినా గోడల్లోంచే ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా లోపలికి రానిస్తాయి. వారం పది రోజుల వాడకానికైతే ఫరవాలేదు, నెలల తరబడి ఉంచడానికి పనికిరావు. హార్మోనియం తిత్తిలా మడతలుపడే సీసాలు కొందరు కొంటారు. వాటిదీ పల్చటి ప్లాస్టికే. మడతల్లో చేరిన మురికి ఒక పట్టాన వదలదు. నేను వాటిని సిఫారసు చెయ్యను.

కలిపేటప్పుడు చేసే పొరపాట్లు కూడా సీసా ఆయుష్షును తగ్గిస్తాయి. నీళ్ళలో కరిగి ఉన్న గాలి కూడా గాలే. కాచి చల్లార్చిన నీళ్ళు వాడితే అది పోతుంది. మా ప్రాంతంలో బోరునీళ్ళు చవుడు, సున్నం ఎక్కువ, మందు వెయ్యగానే అడుగున తెల్లటి మడ్డి దిగేది. డి-76 లాంటి వాటికి డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ నీళ్ళని ఆటోమొబైల్ షాపుల్లో అమ్మేవి, తెచ్చుకోండి. రాగి, ఇత్తడి, ఇనుప పాత్రల్లో కలపవద్దు. ఆ లోహాల జాడ ఏమాత్రం తగిలినా గాలి పని వేగమవుతుంది. మంచి స్టీలు, గాజు, ఎనామిల్ సరే. నీళ్ళు 50 డిగ్రీల వేడి చాలు. విడి మందులు తూచి కలిపేవాళ్ళు మెటాల్‌ను సల్ఫైట్‌కు ముందు వెయ్యాలి. సల్ఫైట్ దట్టంగా ఉన్న నీళ్ళలో మెటాల్ ఓ పట్టాన కరగదు. మెటాల్‌కు ముందు చిటికెడు సల్ఫైట్ మాత్రం వేసుకోవచ్చు, గాలి నుంచి దాన్ని కాపాడడానికి. కలిపేటప్పుడు మజ్జిగ చిలికినట్టు చిలకకండి. బుడగలతో గాలి లోపలికి పోతుంది. గాజుకడ్డీతో నెమ్మదిగా తిప్పండి.

పొడి ప్యాకెట్టు సీలు విప్పకుండా, చెమ్మ తగలకుండా ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. విప్పాక మాత్రం మొత్తం కలిపెయ్యాలి. సగం ఇవాళ కలిపి సగం దాచుకుందామనే ఆశ మనవాళ్ళకు ఎక్కువ. పొడిలో ఉన్న నాలుగైదు మందులు అన్ని మూలలా సమానంగా ఉండవు. మీరు తీసిన సగంలో మెటాల్ ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పైగా మిగిలిన సగానికి మన కోస్తా చెమ్మ పట్టుకుంటుంది. విడి మందులైతే రంగు చూసి కొంత పోల్చుకోవచ్చు. హైడ్రోక్వినోన్ తెల్లటి సూదుల్లా మెరుస్తూ ఉండాలి. మెటాల్ తెలుపు నుంచి బూడిదకు, గోధుమకు దిగుతుంటే దాని రోజులు దగ్గరపడ్డాయన్నమాట. సల్ఫైట్‌తోనే చిక్కు. అది సల్ఫేట్‌గా మారిపోయినా తెల్లగానే ఉంటుంది.

కలిపిన డెవలపర్‌ను రంగును బట్టి పోల్చుకోవచ్చా అంటే, నూటికి తొంభై సార్లు పోల్చుకోవచ్చు. లేత టీ రంగైతే పరీక్ష చేసి వాడుకోవచ్చు, కాఫీ రంగుకు వస్తే పారబోయాలి. మిగతా పది సార్లే ముంచుతాయి. జర్మనీలో ఆగ్ఫా వాళ్ళు 1891లో తెచ్చిన రోడినాల్ అనే డెవలపర్ ఉంది. సీసాలో నల్లగా, చిక్కగా, కషాయంలా తయారై కూడా ఏళ్ళూ పూళ్ళూ పనిచేస్తుంది. పదుల ఏళ్ళనాటి సీసాలతో ఫిల్ము కడిగి చూసినవాళ్ళున్నారు. ఇందుకు పూర్తిగా ఎదురు ఎక్స్‌టాల్. కొడక్ 1996లో తెచ్చింది. విటమిన్ సికి దాయాది అయిన రసాయనం అందులో పనిచేస్తుంది. చాలా మంచి డెవలపర్, హైడ్రోక్వినోన్ కంటే మనిషికి మేలైనది. కాని శక్తి పోయినా నీళ్ళలా తేటగానే కనబడుతుంది. నిన్న పనిచేసి ఇవాళ పనిచెయ్యదు. దాన్ని చూసి నమ్మి, మళ్ళీ తియ్యడానికి వీల్లేని రీళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ బాధ నాకు తెలుసు.

కాబట్టి చూపుతో సరిపెట్టుకోకండి. ఫిల్ము రీలు మొదట్లో నాలుకలా సన్నగా ఉండే ముక్క ఉంటుంది కదా, ఎలాగూ కత్తిరించి పారేసేది. అది దాచుకోండి. గదిలో లైటు వెలుగుతుండగానే దాన్ని డెవలపర్‌లో సగం ముంచి పట్టుకోండి. వెలుగు పూర్తిగా తాకిన ఫిల్ము కాబట్టి రెండు మూడు నిమిషాల్లో మునిగిన సగం కాటుకలా నల్లబడాలి. నీళ్ళు కలిపి పల్చన చేసిన డెవలపరైతే ఇంకాస్త సేపు పడుతుంది. కొత్తగా కలిపిన రోజున ఎంతసేపు పట్టిందో సీసా మీదే రాసుకుంటే పోల్చుకోవడం తేలిక. బూడిదరంగు దగ్గర ఆగిపోయిందా, ఆ సీసాతో అసలు రీలును ముట్టుకోకండి. ఐదు నిమిషాల పని. పెళ్ళి రీలైనా, పుట్టిన బిడ్డ మొదటి ఫొటోలైనా, ఈ ముక్క ముంచకుండా ట్యాంకులో డెవలపర్ పోయవద్దని చేతులు పట్టుకుని చెప్తున్నాను.

డెవలపర్ తర్వాత, దాని పనిని ఆపే స్టాప్‌బాత్. దానికి పెద్దగా చెప్పుకునేదేమీ లేదు. అసిటిక్ యాసిడ్, అంటే వినిగర్‌లో ఉండేదే, చిక్కటి రూపంలో ఎన్నేళ్ళయినా నిలుస్తుంది. రంగు సూచిక కలిపి అమ్మే రకం పసుపుపచ్చగా ఉన్నంతకాలం వాడుకోవచ్చు, ఊదారంగుకు తిరిగితే పారబోయాలి. ఒక్క జాగ్రత్త. నీళ్ళు కలపని గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. హైదరాబాదులోనో ఆదిలాబాదులోనో సంక్రాంతి ముందు రోజుల్లో పొద్దున్నే చూస్తే సీసాలో మంచుగడ్డలా కనబడుతుంది. పాడైపోయిందని కంగారుపడకండి. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసాను నిలబెడితే కరుగుతుంది. స్టవ్వు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి, దాని ఆవిరి అంటుకుంటుంది. పల్చన చేసేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు.

ఇక హైపో. నా మనసంతా దీని మీదే ఉంది.

వెలుగు సోకని వెండి లవణాలను ఫొటోలోంచి కరిగించి తీసేసేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. వాటిని తియ్యకపోతే బొమ్మ వెలుగులోకి వచ్చాక నల్లబడిపోతుంది. ఈ లవణానికి ఆ గుణముందని జాన్ హెర్షెల్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టాడు, ఫొటోగ్రఫీ సంగతి లోకానికి తెలియడానికి ఇరవై ఏళ్ళ ముందు. 1839లో ఆ సంగతి లోకానికి తెలిసింది, హెర్షెల్ తన హైపో గురించి ఇంగ్లండ్‌లో ఫొటోగ్రఫీకి ఆద్యుడైన టాల్బట్‌కు చెప్పాడు, ఫొటో నిలబడడం మొదలైంది. కాని పదిహేనేళ్ళు గడిచేసరికి తొలినాటి ఫొటోలు వెలిసిపోతున్నాయని గోల పుట్టింది. లండన్‌లోని ఫొటోగ్రఫిక్ సొసైటీ 1855లో ఒక సంఘం వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌండ్లు ఇచ్చాడు. ఆ సంఘం విచారించి తేల్చిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే: కాగితంలో హైపో మిగిలిపోవడం, సరిగా కడగకపోవడం. 1855లో లండన్‌లో తేల్చిన తప్పుకు చుట్టమైన తప్పునే, హైపో విషయంలోనే, 1986లో తెనాలిలో నేను చేశాను.

హైపోకు చావు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది వాడకం వల్ల. ప్రతి ప్రింటూ కొంత వెండిని అందులో వదిలి వెళ్తుంది. వెండి పెరిగినకొద్దీ, హైపో దాన్ని నీళ్ళలో పోయే రూపంలోకి మార్చలేక, కాగితం నారల్లో ఇరుక్కునే రూపంలో వదిలేస్తుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు కుళాయి కింద పెట్టినా అది పోదు. మెల్లగా, ఏళ్ళ మీద, సిల్వర్ సల్ఫైడ్‌గా మారి పసుపూ గోధుమా రంగుల్లో పైకి తేలుతుంది. అమ్మమ్మ చెంప మీద లేచిన మరక అదే. ఇల్ఫర్డ్ కంపెనీ వాళ్ళు అమ్మే, హైపో పనే చేసే ర్యాపిడ్ ఫిక్సర్ వివరపత్రంలో ఒక లెక్క ఉంటుంది. ఎనిమిది బై పది అంగుళాల ఫైబర్ పేపరు ప్రింట్లు మామూలు వాడకానికైతే లీటరుకు 40 దాకా వెయ్యవచ్చు, తరాల తరబడి నిలవాలంటే లీటరుకు 10 మాత్రమే. నలభైకీ పదికీ మధ్య ఎంత దూరముందో చూడండి. స్టూడియోల ఫొటోలు చాలా ఆ దూరంలోనే పోయాయి.

రెండో దారి కాలం. యాసిడ్ కలిపిన హైపో ఎక్కువ కాలం నిలవుంటే, వేడికి గురైతే, గంధకం విడిపోతుంది. సీసా అడుగున తెల్లటి, లేత పసుపు పొడి, పైన మజ్జిగతేట లాంటి మసక. ఈ రెండింట్లో ఏ ఒక్కటి కనిపించినా వడగట్టి వాడుదామని చూడకండి, పక్కన పెట్టేయండి. విడి హైపో పలుకులకు మన ఎండలతో ఇంకో చిక్కుంది. పటికబెల్లంలా మెరిసే ఆ పలుకులు 48 డిగ్రీల దగ్గర తమలో ఉన్న నీళ్ళలోనే తాము కరిగిపోతాయి. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం 48 డిగ్రీలు పెద్ద విశేషం కాదు. మావయ్య స్టూడియోలో ఒక వేసవి సెలవుల్లో డబ్బా మూత తీస్తే పలుకులన్నీ కలిసి ఒకే దిమ్మెగా ఉన్నాయి. ఆ దిమ్మెను పగలగొట్టి వాడుకున్నాం, దాని గుణం పోలేదు. కాని అదే వేడి పక్కన సీసాలో ఉన్న డెవలపర్‌ను ఏం చేసి ఉంటుందో ఆలోచించండి. మందుల బీరువా ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేలకు దగ్గరగా ఉండాలి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి మందులు పలుకులుగా విడిపోయి అడుగున చేరతాయి, పైగా తినే వస్తువుల పక్కన వీటికి చోటు లేదు.

ఇవాళ ఫొటో షాపుల్లో హైపో అడిగితే వింతగా చూస్తారు. కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలకు సరుకులిచ్చే దుకాణాల్లో అడగండి. సముద్రపు నీటిని క్లోరిన్‌తో శుద్ధిచేశాక ఆ క్లోరిన్‌ను విరిచెయ్యడానికి వాళ్ళు వాడేది ఇదే సోడియం థయోసల్ఫేట్. నీళ్ళలో వేసి కలుపుతుంటే గిన్నె అంచులు చేతికి చల్లగా తగులుతాయి. అది హైపో గుణం. అందుకే గోరువెచ్చని నీళ్ళతో మొదలుపెట్టాలి.

హైపో పరీక్ష డెవలపర్ పరీక్ష కంటే తేలిక. మళ్ళీ ఆ ఫిల్ము ముక్కే తీసుకోండి. దాని మీద ఒక చుక్క హైపో వేసి అర నిమిషం ఆగండి. తర్వాత ముక్క మొత్తాన్ని హైపోలో ముంచి గడియారం చూడండి. చుక్క పడిన చోటు ముందుగానే తేటపడి ఉంటుంది, చుట్టూ ఉన్నది పాలగాజులా కనబడుతుంది. చుట్టూ ఉన్నది కూడా కరిగి, చుక్కకూ దానికీ తేడా తెలియకుండా పోయిన క్షణం ఎన్ని సెకన్లకు వచ్చిందో రాసుకోండి. కొత్తగా కలిపిన హైపోకు ఎంత పట్టిందో, దానికి రెట్టింపు పట్టిన రోజున ఆ హైపో పని అయిపోయినట్టు. కొంచెం ఓపిక ఉన్నవాళ్ళు ప్రింట్లకు రెండు హైపో ట్రేలు పెట్టుకోండి. మొదటి ట్రే బరువు మోస్తుంది, రెండోది మిగిలినదాన్ని ఊడుస్తుంది. మొదటిది అలిసిపోగానే పారబోసి, రెండోదాన్ని దాని స్థానంలోకి జరిపి, కొత్త హైపో రెండోదిగా పెట్టాలి. ఆ తర్వాత ఫైబర్ పేపరును గంటసేపు పారే నీళ్ళలో కడగాలి. కడగడం ఎంత మేలు చేస్తుందో చూడండి: నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఏసీ ఎరగని రోజుల గాజు పలకలు నూరేళ్ళు దాటి నిలిచాయంటే, హైపో ముందూ తర్వాతా ఎవరో ఒళ్ళు దాచుకోకుండా కడిగారన్నమాట.

ఇంట్లో పిల్లలుంటే ఈ మాట జాగ్రత్తగా వినండి. ఏ మందునూ కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ళ సీసాలో పొయ్యవద్దు. స్టూడియోలో పనికి కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి దాహమేసి నీళ్ళనుకుని ఒక సీసా ఎత్తి నోట్లో పోసుకున్నాడు. అది హైపో కాబట్టి, వెంటనే ఉమ్మేశాడు కాబట్టి బతికిపోయాడు. పక్క సీసాలో డెవలపర్ ఉంది. ఆ రోజే మావయ్య నీళ్ళ సీసాలన్నీ బయటికి విసిరేసి, మందుల షాపు నుంచి గోధుమరంగు సీసాలు తెచ్చి, ఒక్కొక్కదానికీ కాగితం అతికించి పేరూ తేదీ రాశాడు. పేరు ఒక్కటే రాస్తే సగం పనే అయినట్టు. డెవలపర్ అని రాసి ఉన్న సీసా పదేళ్ళ తర్వాత కూడా డెవలపర్ అనే చెప్తుంది. బతికుందో లేదో తేదీయే చెప్పాలి.

వాడేసిన హైపోను సింకులోనూ మోరీలోనూ పొయ్యకండి. అందులో కరిగి ఉన్న వెండి చెరువుల్లో, కాలవల్లో బతికే ప్రాణులకు విషం. ఒకప్పుడు స్టూడియోల నుంచీ ఎక్స్‌రే గదుల నుంచీ పాత హైపోను వెండి కోసం కొనుక్కెళ్ళేవాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు మీ ఊళ్ళో అలాంటివాళ్ళు లేకపోతే, గిన్నెలు తోమే స్టీలు పీచు కాకుండా మామూలు ఇనుప పీచు ఆ హైపోలో వేసి కొన్ని రోజులు ఉంచండి. ఇనుము కరిగి వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. దాన్ని వడగట్టి విడిగా దాచిపెట్టండి.

పోయిన ఏడాది ఆ మూడు ఇళ్ళ నుంచీ ఫొటోలు వెనక్కి అడిగి తీసుకున్నాను. అమ్మమ్మ నెగటివ్ మావయ్య కడిగింది. కొత్త హైపోలో కడిగింది కాబట్టి ఇవాళ్టికీ గాజులా తేటగా ఉంది. దాంతో మళ్ళీ మూడు ప్రింట్లు వేసి ఇచ్చాను, ఈసారి రెండు హైపో ట్రేలతో.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ళింట్లోనో మూతబడిన స్టూడియో బీరువా ఉంటే ఈ ఆదివారం తెరవండి. తేదీ లేని సీసాల మూతలు తియ్యకుండా, పిల్లలకు అందకుండా ఒక పెట్టెలో సర్ది పక్కన పెట్టండి. ఆ పక్కనే కాగితం కవర్లలో నెగటివ్‌లుంటాయి. అవి మాత్రం పారేయకండి. పొడిగా, చల్లగా ఉన్న చోట దాచండి. ఎవరి ముఖాలున్నాయో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి కవర్ల మీద పెన్సిలుతో రాయించండి.